పేరు చెప్పని పొడి

మా అత్త మురుకులు వత్తేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేది కాదు. పొయ్యి ముందు పీట వేసుకుని, ఒక మోకాలు పైకి మడిచి కూచుని, నూనెనే చూస్తూ ఉండేది. పక్కిల్లు కూలిపోతున్నా ఆ వాయి దించేదాకా లేవదని మా ఆయన ఎగతాళి చేసేవాడు. అంత శ్రద్ధగా చేసిన మనిషిని పట్టుకుని "ఈమె వంటిల్లు మురికి, ఈమె చెయ్యి మంచిది కాదు" అని ఊరంతా అనిపించినవాణ్ణి తలచుకుంటే, ఈ వయసులో కూడా నాకు పళ్ళు పటపటమంటాయి. కోపం తగ్గించుకో, బీపీ పెరుగుతుందని పిల్లలంటారు. పెరగనీ.

మాది గుడియాత్తం. నేను పుట్టింది లత్తేరిలో. చిత్తూరులో మేనమామ ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడిలో చదువుకున్నాను. అత్తగారింట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. మాట తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగిస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. ఏడాది తిరక్కుండానే నేనూ అట్లాగే తయారయ్యాను.

అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. ఆమె వాటా భూమిని బావలు తమ దాంట్లో కలిపేసుకున్నారు. ఒక బాణలి, ఒక మురుకుల గొట్టం పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని పెంచింది. కొడుకే మా ఆయన, మగ్గాల షెడ్డులో పని చేసేవాడు. కూతుర్ని ఒడుగత్తూరులో సేద్యం చేసుకునే ఇంటికి ఇచ్చారు. నేను వచ్చేనాటికి అత్త చేసే మురుకులకు, చెక్కల్లాంటి నిప్పట్లకు గుడియాత్తం సంతలో పేరుండేది. పెళ్ళిళ్ళు పెట్టుకున్నవాళ్ళు ముందు మా ఇంటికి వచ్చి రోజు ఖాయం చేసుకుని, తర్వాత మేళగాళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళు.

ఆమె గుట్టంతా నూనెలోనే ఉండేది. వీధి చివర ఒక తమిళాయన ఎద్దు గానుగ నడిపేవాడు. ఆయన ఆడించిన వేరుశనగ నూనె తప్ప ఇంకో చుక్క మా బాణలిలో పడేది కాదు. ఒకసారి మురుకులు కాల్చిన నూనెను మర్నాడు మళ్ళీ పొయ్యి మీద పెట్టేది కాదు. దాన్ని దీపాలకో, బండి ఇరుసులకో ఇచ్చేసేది. "కాగిన నూనె కాగిందే. దాన్ని మళ్ళా కాస్తే గొంతులో గీరుతుంది" అనేది.

వస్తువు చెడకుండా ఏదో ఒకటి వేయడం మాకేమీ కొత్త కాదు. వెన్న కాచేటప్పుడు నాలుగు మునగాకులు వేసేవాళ్ళం. కొబ్బరినూనెలో మిరియాలు వేసి ఉంచేవాళ్ళం. నెలలు గడిచినా వాసన మారేది కాదు. కాబట్టి ఆ రోజు మా ఇంటికి వచ్చిన పొడిని చూసి మేము బెదిరిపోయామని ఎవరూ అనుకోకండి. మునగాకు వేస్తే మునగాకు వేశామని చెప్పేవాళ్ళం. నా కోపమంతా ఇక్కడే ఉంది.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది. చిత్తూరు అటుపక్కకు పోయింది, మేము ఇటుపక్క ఉండిపోయాం. టీ అంగళ్ళ దగ్గర రోజూ అదే మాట. ఏ ఊరు ఎవరికి రావాలి, ఎవరు ఎంతమంది ఉన్నారు అని అరుచుకునేవాళ్ళు. మా మేనమామ ఇల్లు ఉన్నట్టుండి వేరే రాష్ట్రమైపోయిందని నేను ఒకరోజంతా దిగులుపడ్డాను. మనసులు అట్లా మెత్తగా ఉన్న రోజుల్లోనే వేలూరు నుంచి ఒక నూనె వ్యాపారి మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ పెద్దలు కూడా ఏనాడో తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్ళే. తిన్నె మీద తువ్వాలు పరుచుకుని కూచుని, ఇచ్చిన మజ్జిగ తాగి, మొదలుపెట్టాడు.

"చూసినావా అక్కా, చిత్తూరు ఆపక్కకి పాయ. మనం ఈపక్క నిలిచిపోతిమి. ఇంక మనోళ్ళని మనోళ్ళే చూసుకోవాల. నీ చేతిలో ఇంత విద్య పెట్టుకోని ఈ సందులోనే ఎన్నాళ్ళుంటావు?"

"నాకేం నాయనా, జరుగుతా ఉండాది" అంది అత్త.

"జరిగేది వేరే, బాగుపడేది వేరే. నువ్వు చేసిస్తే చాలు. నేను డబ్బాల్లో పెట్టి మద్రాసుకీ బెంగుళూరికీ పంపిస్తా."

"మద్రాసు పోయి అంగట్లో కూచునే తలికి సిక్కు వాసన కొడుతుంది నాయనా. నా మురుకు వారం ఉంటాది, మించితే పది దినాలు."

నూనె సరుకు పాతబడితే వచ్చే కంపును మా వైపు సిక్కు వాసన అంటారు. అది పట్టిన మురుకును పశువు కూడా ముట్టదు.

"అందుకే గదా నేను వచ్చినాను" అని ఆయన సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీశాడు. మూత తీసి చూపించాడు. తెల్లటి పొడి, మైనం గీకినట్టు పలుకులుపలుకులుగా ఉంది. "నూనెకి గాలే శత్రువక్కా. గాలి తగిలే కొద్దీ చెడిపోతుంది. ఇది చిటికెడు వేస్తే గాలిని దగ్గరికి రానీదు. దొరల సీమలో ఇదే వేస్తారంట. రెండు నెలలైనా నీ మురుకు ఈ పొద్దు చేసినట్టే ఉంటాది."

నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నాను. "దీని పేరేమి?" అని అడిగాను.

ఆయన నా వైపు చూడకుండా అత్తనే అడిగాడు. "కోడలు సదువుకున్నాదా?"

"ఎనిమిది దాకా చదివింది" అంది అత్త, కొంచెం గర్వంగానే.

"పేరుతో ఏం పని తల్లీ నీకు? చెప్పినా నోరు తిరగదు" అని నవ్వాడు. డబ్బా మీదుండాల్సిన కాగితం గోటితో గీకేసి ఉంది. జిగురు మరకలు మాత్రం మిగిలాయి.

నా నోరు తిరగదట. చిత్తూరు బడిలో పద్యాలు అప్పజెప్పి మెప్పు తెచ్చుకున్న నోరు నాది. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. కానీ ఇంటికి వచ్చిన పెద్దమనిషి, పైగా "మనోడు". ఊరుకున్నాను.

అబద్ధం చెప్పను, పొడి పని చేసింది. అత్త పరీక్ష చేయకుండా ఏదీ ఒప్పుకునే మనిషి కాదు. ఒకే పిండి, ఒకే గానుగ నూనె. ఒక వాయి పొడి వేసి, ఒక వాయి వేయకుండా చేసి, వేరువేరు డబ్బాల్లో పెట్టింది. ఆషాఢంలో పెట్టినవి వినాయక చవితికి తీసి చూశాం. పొడి లేనివి మూత తీయగానే ముక్కు మూసుకున్నాం. పొడి వేసినవి కరకరమంటూనే ఉన్నాయి, నువ్వుల వాసన కూడా పోలేదు. అత్త ఒకటి విరిచి, వాసన చూసి, నమిలి, చిన్నపిల్లలా నవ్వింది. "మే, చూడే, ఇది నిజంగానే మందే!" అంది. ఇన్నేళ్ళ ఆమె కష్టం సందు దాటి ఎక్కడికో పోతుందని ఆ నవ్వులో ఉంది. ఆ నవ్వు నేను చూశాను కాబట్టే ఆ తర్వాత జరిగింది నేను క్షమించలేను.

కొన్నాళ్ళు బాగానే సాగింది. గానుగ నూనె మాది, పొడి ఆయనది. ఇద్దరు ఆడవాళ్ళను పనికి పెట్టుకున్నాం. వేలూరు నుంచి బండి వచ్చి డబ్బాలు ఎక్కించుకుని పోయేది. తర్వాత ఒకరోజు ఆ బండిలో పెద్దపెద్ద నూనె టిన్నులు దిగాయి.

"గానుగ నూనెతో ఇంత సరుకు యాడ కుదురుతుందక్కా? ఇంకమీద నూనె కూడా నేనే పంపిస్తా. పొడి దాంట్లోనే కలిపి ఉంటాది, నీకు ఆ పని కూడా తగ్గె" అన్నాడు వ్యాపారి.

అత్త ఒక టిన్ను మూత తీసి, నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్ది వాసన చూసింది. మళ్ళీ చూసింది. "ఏ వాసనా లేదే నాయనా. చెనక్కాయ నూనెకి చెనక్కాయ వాసన ఉండొద్దా?"

"మిషన్ నూనెక్కా. వాసనంతా తీసేస్తారు. పట్నంలో అదే గొప్ప."

పొయ్యి మీద పెడితే ఆ నూనె నురగ కట్టి అంచుదాకా పొంగేది. పిండి వేయకముందే పొగ లేచేది. పనివాళ్ళకు కళ్ళు మండేవి, నాకు గొంతులో కిరకిర. అత్త రెండుసార్లు కబురు పంపింది. రెండుసార్లూ "మిషన్ నూనె అట్లే పొంగుతుంది" అనే జవాబు. నేను మా ఆయనతో పోట్లాడాను.

"ఇది మంచి నూనె కాదు. మీరు పోయి గట్టిగా అడగండి."

"ఆయన తాత కాలం నుంచి నూనె వ్యాపారం చేసేవాడు. ఆయనకి తెలియనిది నీకు తెలిసిందా?" అన్నాడాయన.

"నాకేమీ తెలీదు. గొంతు మండేది మాత్రం తెలస్తా ఉండాది."

"మనోడు మనకి అన్యాయం చేస్తాడా?" అని చొక్కా తగిలించుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు. మా ఆయన మంచివాడే. మంచివాళ్ళ మీద వచ్చే కోపం చెడ్డవాళ్ళ మీద కోపం కన్నా ఎక్కువ కాలుస్తుంది.

ఆ రోజుల్లోనే ఒడుగత్తూరులో ఆడబిడ్డ కొడుక్కి చెవులు కుట్టే శుభకార్యం వచ్చింది. మూడేళ్ళ పిల్లవాడు. అమ్మమ్మ ఉత్తచేతులతో పోతుందా? అత్త ఒక పెద్ద డబ్బా నిండా మురుకులు తీసుకెళ్ళింది. ఇంట్లో ఉన్న ఆ టిన్నుల నూనెతోనే చేసింది. పిల్లవాడికి చెవుల నొప్పి మరిపించడానికి ఒకటి తర్వాత ఒకటి ఆమే చేతికిచ్చింది. మధ్యాహ్నం దాటేసరికి వాడు వాంతులు మొదలుపెట్టాడు. ఆ వెనకే ఇంకో నలుగురు పిల్లలు, ఒక ముసలామె. మిగిలినవాళ్ళు సాయంత్రానికి తేరుకున్నారు. పసివాడు మాత్రం నీళ్ళు కూడా కడుపులో నిలవక వడలిపోయాడు. కారు మాట్లాడుకుని వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

మాకు కబురంది నేనూ మా ఆయనా వెళ్ళేటప్పటికి, వాడు మంచం మీద కళ్ళు లోపలికి పోయి, పెదాలు ఎండి పడుకుని ఉన్నాడు. కుట్టిన చెవులకు పసుపు ఇంకా ఆరలేదు. చూసుకుంటున్న డాక్టరమ్మ ఏమేం తిన్నారని ఒక్కొక్కటే అడిగింది. ఎవరి ఇంట్లోనో మిగిలిన మురుకు తెప్పించి, విరిచి చూసింది.

"ఇది ఎన్నోసార్లు కాచిన నూనెలాగుంది. ఏం నూనె వాడారు?" అంది తమిళంలో.

అత్త చెప్పింది, నూనె ఎక్కడి నుంచి వచ్చిందో, పొడి కలిపి ఉంటుందని కూడా.

"ఏం పొడి? దాని పేరేమిటి?"

అత్త నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. మా ఇంట్లో, మా పొయ్యి మీద, మా చేతులతో వేసి, ఊరూరికీ పంపించిన వస్తువు పేరు మాకు తెలియదు. ఆసుపత్రిలో బిడ్డ పడి ఉంటే డాక్టరు అడిగిన ఒక్క ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అంత అవమానం నేను మళ్ళీ పడలేదు.

ఆడబిడ్డ పిల్లవాడి పెదాలను తడిగుడ్డతో తుడుస్తూ ఉంది. డాక్టరమ్మ వెళ్ళాక తల్లి వైపు తిరిగి, "నీ చేత్తోనే పెట్టినావు గదమ్మా" అంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు.

నేను అక్కడి నుంచి నేరుగా నూనె బజారుకు నడిచాను. మా ఆయన వెనక వచ్చాడు. వ్యాపారి గద్దె మీద కూచుని తమలపాకులు నములుతున్నాడు. సంగతి చెప్పాను. "ఆ పొడి పేరు చెప్పండి, డాక్టరు అడుగుతా ఉండారు" అన్నాను.

"నా నూనె తినేవాళ్ళు జిల్లా అంతా ఉండారు. వాళ్ళకి రాని రోగం మీ ఇంటోళ్ళకే వచ్చిందా?"

"అది తర్వాత. పేరు చెప్పండి."

"వ్యాపారంలో అన్నీ బయటికి చెప్తామా తల్లీ? మీ వంటింట్లో బల్లో, పురుగో పడిందేమో చూసుకోపో."

మా ఆయన "అట్లా కాదన్నా..." అని నసిగాడు. ఇంక ఆ ముఖాలు చూడలేక పక్కసందులోకి తిరిగాను. ఆ సందు ఆయన అంగడి వెనక పెరట్లోకి పోతుంది. తలుపు బార్లా తెరిచి ఉంది. హోటళ్ళ పనివాళ్ళు ఇద్దరు, కాచి కాచి నల్లబడ్డ నూనెను బకెట్లతో తెచ్చి పీపాలో పోస్తున్నారు. ఇంకోపక్క ఒక మనిషి ఆ నూనెను ఏదో తెల్లమట్టితో కలిపి కాచి, గుడ్డలో వడగడుతున్నాడు. వడగట్టినది తేటగా దిగుతోంది. దాన్ని పట్టుకుంటున్న టిన్నులు మా ఇంటికి వచ్చే టిన్నులే. గోడవారగా ఆ చిన్న డబ్బాలు, పైన కాగితం గీకినవి, వరసగా పెట్టి ఉన్నాయి.

నాకు అప్పుడు అర్థమైంది. బజ్జీలు, వడలు కాల్చి పారబోయాల్సిన నూనెకు మట్టితో వాసన తీసి, మళ్ళీ ఆ కంపు పైకి రాకుండా పొడి కలిపి, మా అత్త చేతికి ఇచ్చాడు. ఆమె చేతి పేరు మీద దాన్ని అమ్ముకున్నాడు. మా ఆయన నా పక్కన నిలబడి అంతా చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. "మనోడు" అన్న మాట ఆ తర్వాత ఎన్నడూ ఆయన నోట నేను వినలేదు.

ఇంతలో ఎవరు ఫిర్యాదు చేశారో గానీ ఆరోగ్య శాఖ అధికారి మా ఇంటికే వచ్చాడు, వ్యాపారి అంగడికి కాదు. ఆయన వెనకే వ్యాపారి దిగాడు. వీధి వీధంతా మా వాకిట్లో మూగింది. మాతో ఇన్నాళ్ళూ అక్కా, తల్లీ అంటూ తెలుగు తప్ప మాట్లాడనివాడు, అధికారితో తేటగా తమిళంలో, "నేను మంచి నూనే ఇచ్చాను సార్, వీళ్ళు ఇంట్లో ఏం కలిపారో నాకు తెలియదు" అన్నాడు. అత్త రెండు చేతులూ జోడించి నిలబడింది. ఎందుకు దండం పెడుతోందో ఆమెకే తెలియదు. నేను పెరట్లో చూసినదంతా చెప్పాను. "నువ్వు వేలూరు బజార్లో సందుల వెంట తిరుగుతున్నావా?" అని అడిగాడు అధికారి. అదీ ఆయనకు దొరికిన తప్పు.

ఆ పొద్దు నుంచి అత్త పొయ్యి ముట్టించలేదు. బాణలి బోర్లించి పెట్టింది. సంతకు వెళితే ఎరిగిన ఆడవాళ్ళు కూడా పలకరించి తొందరగా తప్పుకునేవాళ్ళు. పసివాడు కోలుకుని ఇంటికి వెళ్ళాడని తెలిసినా ఆమె ముఖంలో వెలుగు రాలేదు. కూతురు కబురు పంపలేదు, ఈమె వెళ్ళలేదు.

కొన్ని రోజులు చూశాను. తర్వాత నాకు కోపం ఆగలేదు. గానుగాయన దగ్గరికి వెళ్ళి ఆ రోజు ఆడించిన నూనె పోయించుకున్నాను. మా ఇంట్లో మిగిలిన వ్యాపారి టిన్ను ఒకటి పక్కన పెట్టుకున్నాను. రెండు ఇనప పొయ్యిలు, రెండు బాణళ్ళు, కలిపిన పిండి సిద్ధం చేసి అత్త ముందు కూచున్నాను.

"లేయండత్తా, వేలూరు పోదాం."

"యాడికే?"

"ఆయన అంగడి ముందరికి. అక్కడే మురుకులు వత్తుదాం. ఆయన నూనె ఒక పొయ్యి మీద, మన నూనె ఒక పొయ్యి మీద. ఊరంతా చూడనీ."

"ఆడోళ్ళు బజార్లో కూచుంటే నలుగురూ ఏమంటారు?"

"ఇప్పుడేమంటా ఉండారో మీకు తెలీదా? బజార్లో పోయిన పేరు బజార్లోనే ఎతుక్కోవాల."

అత్త బోర్లించిన బాణలిని చూసింది. తర్వాత లేచి, చీర చెంగు దోపుకుని, పీట చేతికి తీసుకుంది. గానుగాయన సంగతి తెలుసుకుని తన బండి కట్టాడు. మా ఆయన షెడ్డుకు పోకుండా టిన్ను భుజాన పెట్టుకుని వచ్చాడు.

బజారు నిండుగా ఉన్న పొద్దు. అంగడి ముందు పొయ్యిలు పెట్టి ముట్టించాను. వ్యాపారి బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఏందిది? లోపలికి రండి, మాట్లాడుకుందాం."

అత్త తల ఎత్తలేదు. వాయి మీద ఉన్నప్పుడు ఆమె మాట్లాడదు కదా. నేనే అన్నాను, తమిళంలో, అందరికీ వినబడేటట్టు. "మీ నూనె మంచిదంటిరి గదా, మీ ముందరే చేసి పెడతాం, తినండి."

రెండు నూనెలూ కాగాయి. గానుగ నూనె వేరుశనగ వాసనతో నిమ్మళంగా కదిలింది. ఆయన నూనె నురగ కట్టి, పొంగి, అంచులు దాటి పొయ్యిలో పడి భగ్గుమంది. పొగకు ముందు వరసలో ఉన్నవాళ్ళు దగ్గుతూ వెనక్కి జరిగారు. చల్లగా ఉన్నంతసేపు మట్టీ పొడీ కలిసి దాచిన కంపంతా వేడికి బయటికి వచ్చేసింది. "ఇది మా హోటల్లో పారబోసే నూనె వాసన" అని గుంపులో ఎవరో అన్నారు. అత్త రెండు బాణళ్ళలోనూ మురుకులు వత్తి, కాల్చి, రెండు పళ్ళేల్లో తీసింది. ఆయన నూనెవి ఉన్న పళ్ళెం ఎత్తి, పీట మీంచి లేచి, ఆయన ముందు నిలబడింది.

"తిను నాయనా" అంది.

ఆయన పక్కనున్న కూలివాణ్ణి పిలిచాడు. "రేయ్, నువ్వు తినరా."

"వాడు కాదు. వాడు చేసిన తప్పేమి? నువ్వు తిను. నా మనవడు తిన్నాడు, నువ్వు తినలేవా?"

ఆయన ఒకటి చేతికి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. విరిచాడు. బజారంతా చూస్తోంది. ముక్కలు మళ్ళీ పళ్ళెంలో వేసి, "లోపల పనుండాది" అని వెళ్ళి తలుపులు మూసుకున్నాడు. అత్త ఆ పళ్ళెం మూసిన తలుపు ముందు పెట్టి, రెండో పళ్ళెంలోవి అక్కడున్న అందరికీ పంచింది. అందరూ తిన్నారు.

న్యాయం జరిగిందని చెప్పాలని నాకూ ఉంది. జరగలేదు. ఆ గోల తర్వాత అధికారి తప్పనిసరై ఆయన పెరట్లోకి వెళ్ళాడు. కొన్ని టిన్నులు మురికి కాలవలో పారబోయించారు. అంగడి కొన్నాళ్ళు మూతపడింది. తర్వాత తమ్ముడి పేరుతో బోర్డు మార్చి అదే గద్దె మీద ఆయనే కూచున్నాడు. మా ఇంటికి వచ్చి తప్పు మాది కాదని ఒక్క అధికారీ చెప్పలేదు. ఆ పొడి పేరేమిటో చివరికీ మాకు ఎవరూ చెప్పలేదు.

పసివాణ్ణి మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు నేను డాక్టరమ్మను అడిగాను, ఆ పొడి విషమా అని. ఆమె తలుపు వేసి, ఓపికగా చెప్పింది. నూనెకు గాలి తగిలి చెడిపోయే పనిని నెమ్మది చేసే రసాయనాలు ఉన్నాయట. తాజా నూనెలో, కొలత ప్రకారం, చిటికెడంటే చిటికెడే వేస్తే పనికొస్తాయట. ఎంత వేయొచ్చు, ఎన్నాళ్ళు తినొచ్చు అన్నది పెద్ద చదువులవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారట. "కానీ ఒకసారి చెడిపోయిన నూనెను ఏ పొడీ బాగుచేయలేదమ్మా" అంది. ఆ మాట వ్యాపారికి తెలుసు. తెలిసే చేశాడు. మాకు తెలియకూడదని కాగితం గీకేశాడు.

ఇప్పుడు కొట్లో ఏ పొట్లం కొన్నా వెనక్కి తిప్పి చదువుతాను. సన్న అక్షరాల్లో ఏవో అంకెలు, ఏవో పేర్లు, అన్నీ ఇంగ్లీషులో. మనవరాలిని పిలిచి చదివించుకుంటాను. "దీనివల్ల నూనె వాసన రాకుండా ఉంటుంది అవ్వా" అంటుంది అది. నూనె ఎప్పటిదో దాంట్లో రాసి ఉందా అంటే, లేదంటుంది. నాకు మళ్ళీ కోపం వస్తుంది.

అత్త మురుకులు మానలేదు. వేలూరు, మద్రాసు అన్న మాట ఎత్తకుండా సంతలోనే అమ్మింది. మరుసటి ఏడు మామిడికాయల కాలంలో ఆడబిడ్డ కొడుకును ఎత్తుకుని చెప్పకుండా వచ్చింది. అత్త వాయి మీద ఉంది. ఆడబిడ్డ పక్కన కూచుని, పొయ్యి మీద కాగుతున్న నూనెకేసి చాలాసేపు చూసింది. నురగ లేదు. పిల్లవాడు పళ్ళెం వైపు చెయ్యి చాచాడు. అత్త చిల్లుల గరిటె పట్టుకుని కదలకుండా ఉండిపోయింది, తాను ఇవ్వలేదు, వద్దనీ అనలేదు. ఆడబిడ్డే ఒకటి తీసుకుని, విరిచి, ముందు తాను సగం తిని, కాసేపు ఆగి, మిగతా సగం వాడి చేతిలో పెట్టింది.